తేన్పు శాస్త్రం: పాతబస్తీ భాష్య సహితం

బల్లి పడితే ఏమవుతుందో చెప్పే శాస్త్రం ఉంది. పిల్లి ఎదురైతే ఎంతసేపు ఆగి బయల్దేరాలో చెప్పే శాస్త్రం ఉంది. దొంగతనానికీ ఒక శాస్త్రం ఉండేదని సంస్కృత నాటకంలో దొంగ గర్వంగా చెప్పుకుంటాడు. అన్నప్రాశన నాటి నుంచి ఆఖరి ముద్ద దాకా మనిషిని వదలని తేన్పుకు మాత్రం ఇంతవరకు శాస్త్రకారుడు పుట్టలేదు. ఈ లోటు నాకు ఒక రంజాన్ రాత్రి తెలిసొచ్చింది. లాల్ దర్వాజాలో మా ఇంట్లో రెండు దిళ్లకు ఆనుకుని కూర్చుని, గొంతు దాకా ఎగదన్నిన పులుపును మళ్లీ దిగమింగుతున్నాను. టైము పన్నెండున్నర. శాలిబండలో హలీమ్ తిన్నది పదకొండింటికి. మధ్యలో ఉన్న గంటన్నర పరిశోధనకు సరిపోయింది.

ఈ గ్రంథంలో సూత్రాలు నావి, భాష్యం నాది, పొట్ట కూడా నాదే.

మంగళాచరణం

ఈ శాస్త్రానికి అగస్త్యుడు తప్ప వేరే ఇష్టదైవం కుదరదు. పొట్టేలు కూరగా వడ్డించిన వాతాపిని తిని, పొట్ట నిమురుకుని, అరిగించుకుని లేచి వెళ్లిపోయిన మహానుభావుడు. పసివాడి పొట్ట మీద చెయ్యి తిప్పుతూ మన తల్లులు ఇప్పటికీ ఆయననే తలుస్తారు. ఒక్కటే సందేహం. ఆయన తిన్నది ఒక్క పొట్టేలు. దాని మీద రెండు చెంచాల నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, వెంటనే ఇరానీ చాయ్, ఇంటికొచ్చీ రాగానే మంచం: ఇవి చేరితే కథ ఎలా నడిచేదో పురాణం చెప్పదు.

అనుబంధ చతుష్టయం

ఏ గ్రంథానికైనా నాలుగు విషయాలు ముందే తేల్చుకోవాలని పెద్దల మాట. విషయం: ఛాతీ మంట. ప్రయోజనం: నిద్ర. సంబంధం: నోటికీ కడుపుకూ మధ్య తరతరాలుగా నడుస్తున్న తగాదా. అధికారి, అంటే చదవడానికి అర్హుడు: అప్పుడో ఇప్పుడో, ఫలానాది తిన్నందుకే వచ్చిందని తనకే తెలిసేంత స్పష్టంగా మంట పుట్టే పెద్ద మనిషి.

చిన్నపిల్లలు, గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, గుండె బలహీనమైనవాళ్లు, బీపీకి ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు అనధికారులు. వీళ్లకు గ్రంథం నిషిద్ధం కాదు గానీ, డాక్టరును అడగకుండా ఇందులోని ఒక్క గోలీ కూడా మింగరాదు.

ప్రథమాధ్యాయం: దర్వాజా లక్షణం

సూత్రం: తిన్నది కిందికి, విన్నది పైకి.

భాష్యం: నోటి నుంచి కడుపుకు పోయే గొట్టం పొడవు జానెడు పైచిలుకు. దాని అడుగున కండరంతో చేసిన ఒక దర్వాజా. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకోవాలి, ముద్ద పోయాక మూసుకోవాలి. దానికున్న ఉద్యోగం ఇంతే. లోపల కడుపులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కడుపు గోడకు జిగురు పూత ఉంది, తట్టుకుంటుంది. గొట్టానికి ఆ పూత లేదు. దర్వాజా వదులైతే ఆమ్లం పైకి తన్నుతుంది, గొట్టం మండుతుంది. గొట్టం గుండె వెనకనుంచే పోతుంది కాబట్టి మనం దాన్ని గుండెమంట అంటాం. నేరం కడుపుది, పేరు గుండెది.

దర్వాజాల సంగతి పాతబస్తీ వాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఈ నగరం చుట్టూ గోడ, గోడకు వరసగా దర్వాజాలు. 1908 మూసీ వరద కొంత గోడను తీసుకుపోయింది, మిగతా పని మనుషులు పూర్తి చేశారు. ఇవాళ నిలబడి ఉన్నవి పురానా పుల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా, అంతే. మా పేటకు పేరులో దర్వాజా మిగిలింది, వీధిలో దర్వాజా మిగల్లేదు. నలభై ఐదు దాటిన నా కడుపు పరిస్థితీ అదే.

దర్వాజాను వదులు చేసేవి: కొవ్వు, పొగ, జర్దా, కాఫీ, చాక్లెట్, పట్టు తప్పిన పొట్ట, తిన్న వెంటనే పడక. ఈ పట్టికలో పుదీనా కూడా ఉందని తెలిసిన రోజు నేను మంచాన పడ్డాను. బిర్యానీ అరగడానికని పుదీనా చట్నీ, ఆ తర్వాత పిపర్‌మెంట్ వేసిన మీఠా పాన్: మనం ఔషధం అనుకున్నది తలుపు గడియ తీసే దొంగ.

ఇక కొవ్వు. గోధుమ, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి భట్టీ మీద గంటల తరబడి ఉడికించి, కట్టె ఘోట్నీలతో ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ నూరితే హలీమ్ అవుతుంది. అరబ్బుల హరీస్ దీనికి తాత. బార్కస్‌లో స్థిరపడ్డ యెమెనీ సిపాయిల వెంట ఆ రుచి ఇక్కడికి వచ్చి, హైదరాబాదీ మసాలా తొడుక్కుంది. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. ఇంతమంది ఇన్ని గంటలు నూరారు కదా, సగం అరుగుదల భట్టీలోనే అయిపోయి ఉంటుందని నా పాత వాదం. అది తప్పు. నూరితే మాంసం పీచు విడిపోతుంది, నెయ్యి ఎక్కడికీ పోదు. కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, పైన దర్వాజానూ వదులు చేస్తుంది. కింద ట్రాఫిక్ జామ్, పైన గేటు బార్లా.

ద్వితీయాధ్యాయం: మతభేదాలు

సూత్రం: మంట ఒకటే, మఠాలు నాలుగు.

భాష్యం: మొదటిది ఆయుర్వేద మతం. ఈ రోగానికి అమ్లపిత్తమని పేరు, మాధవ నిదానంలో దీనికొక ప్రకరణమే ఉంది. పైకి పోయేది ఒక రకం, కిందికి పోయేది ఇంకో రకం అని విభాగించారు. మందుల్లో శంఖభస్మం ఒకటి. శంఖం ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నేడు అమెరికాలో జనం చప్పరించే తియ్యటి యాంటాసిడ్ బిళ్లలో ఉన్నదీ కాల్షియం కార్బొనేటే. సముద్రం ఒకటే, రేవులు వేరు.

రెండోది యునానీ మతం. దీనికి రాజధాని చార్మినార్ పక్కనే, ఏడో నిజాం కట్టించిన నిజామియా ఆస్పత్రి. ఒంట్లో నాలుగు రసాలున్నాయి, వాటిలో సఫ్రా, అంటే పిత్తం, మితిమీరితే మంట అంటారు హకీములు. ఇచ్చే లేహ్యానికి జవారిష్ అని పేరు. అరిగించేదని ఆ పదానికి పర్షియన్ మూలం. జవారిష్ కమూనీలో కమూన్ అంటే మన జీలకర్ర. జవారిష్ జాలీనూస్‌లో జాలీనూస్ అంటే గేలెన్, పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు. ఆయన పేరు రోమ్‌లో పుస్తకాల్లో ఉంది, మా దగ్గర సీసా మీద ఉంది. ఈ మందులు వాడేవాళ్లు ఆ మాట ఇంగ్లీషు డాక్టరుకు చెప్పరు, ఇంగ్లీషు మందుల మాట హకీముకు చెప్పరు. ఇద్దరికీ తెలియని రహస్యం కడుపు ఒక్కదానికే తెలుసు.

మూడోది నాయనమ్మ మతం: చల్లని పాలు, మజ్జిగ, వాము. పాలు తాగిన వెంటనే మంట చల్లబడుతుంది, అది నిజం. కాసేపయ్యాక అవే పాలు కడుపు చేత మరింత ఆమ్లం ఊరిస్తాయి, అదీ నిజం.

నాలుగోది పాన్‌డబ్బా మతం. అనుచరులు దీనికే ఎక్కువ. మా గల్లీ మొగదల పాన్‌డబ్బాలో ఒకే మేకుకు రెండు దండలు వేలాడుతుంటాయి. ఒకటి జర్దా పొట్లాలది, ఇంకొకటి ఫ్రూట్ సాల్ట్ పొట్లాలది. మంటా మందూ ఒకే మేకుకు. ఈ ఫ్రూట్ సాల్ట్‌ను 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో మందుల షాపు నడిపిన జేమ్స్ క్రాస్లీ ఈనో తయారుచేశాడు, ఆయన ఇంటిపేరే పొట్లానికి పేరైంది. అదే పొట్లం మన దేశంలో ఆయుర్వేద మందుగా అమ్ముతారు. కళ్లజోడు పెట్టుకుని చదివితే స్వర్జిక్షారం, నింబుకామ్లం అని ఉంటుంది. అంటే తినే సోడా, నిమ్మ ఉప్పు. మిర్చి బజ్జీ పిండిలో వేసిన సోడానే బజ్జీ తిన్నాక మళ్లీ గ్లాసులో వేసుకుంటున్నాం.

తృతీయాధ్యాయం: ప్రమాణ విచారం

సూత్రం: తేన్పు శబ్దమే గానీ ప్రమాణం కాదు.

భాష్యం: తెలుసుకోవడానికి సాధనాలు నాలుగని నైయాయికులు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం.

ప్రత్యక్షానికి ఒక ఉదాహరణ ఉంది, అది భయంకరం. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి తుపాకీ పేలి పొట్టకు చిల్లు పడింది. ప్రాణం దక్కింది, చిల్లు మాత్రం పూడలేదు. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ చిల్లులోంచి దారానికి కట్టిన మాంసం ముక్కలను దింపి, పైకి లాగి, ఎంత అరిగిందో చూసి రాసుకున్నాడు. 1833లో పుస్తకం వేశాడు. మనం అరుగుదల గురించి మాట్లాడే చాలా మాటలు ఆ కిటికీలోంచి బయటికి వచ్చినవే.

అనుమానం సంగతి ఆరో అధ్యాయంలో. ఉపమానం పాతబస్తీకి ప్రీతిపాత్రం. ‘మా బావమరిదికి ఈ గోలీతో తగ్గింది, నీకూ తగ్గుతది.’ బావమరిదికి ఏమొచ్చిందో, మనకేమొచ్చిందో ఎవరూ అడగరు. మంట ఒకేలా ఉన్నా కారణాలు వేరు కావచ్చు. కడుపులో పుండు పడటానికి కారం, కోపం, టెన్షన్ కారణమని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని కలిపిన ద్రవం 1984లో తానే గుటుక్కున తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. ఆయనకూ రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. ఆ సూక్ష్మజీవి ఉన్నవాడు ఏడాది పొడుగునా జెల్ తాగినా అది చావదు. పరీక్ష చేసి, యాంటీబయాటిక్స్ ఇవ్వాలి. నొప్పి మాత్రలతో కడుపు చెడినవాడి కథ ఇంకొకటి. మోకాలికని రోజూ డైక్లోఫెనాక్ మింగుతూ, దానివల్ల వచ్చిన మంటకు పొట్లం చింపేవాడు ఒక చేత్తో నిప్పు, ఒక చేత్తో నీళ్లు పోస్తున్నాడు.

ఇక శబ్ద ప్రమాణం. ఇక్కడే లోకం మోసపోయింది. గ్లాసులో సగం నీళ్లు. పొట్లం మూల చింపి వంచగానే తెల్లటి పొడి నీటి మీద పడీ పడకముందే బుస్సుమంటుంది. నురుగు గ్లాసు అంచు దాకా ఎక్కి, ఒక్క క్షణం వణికి, దిగిపోతుంది. చిన్న చిన్న తుంపర్లు ముక్కుకు చల్లగా తగులుతాయి. గడగడా తాగుతాం. అర నిమిషంలో కడుపు అట్టడుగు నుంచి, వీధి చివరి దాకా వినబడే తేన్పు. ‘హమ్మయ్య, గ్యాస్ పోయింది’ అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. సోడా ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ తేన్పులో బయటికొచ్చిన గ్యాస్‌లో పెద్ద వాటా మనం గ్లాసుతో పోసుకున్నదే. జేబులో రూపాయి వేసి, అదే రూపాయి తీసి చూపించి చప్పట్లు కొట్టించుకునే గారడీ ఇది. ఆమ్లం తగ్గడం నిజం, చప్పుడు మాత్రం అలంకారం.

అలంకారానికి ఖర్చుంది. 5 గ్రాముల పొట్లంలో 2.29 గ్రాములు సోడా. అందులో సోడియం 0.6 గ్రాములు పైనే, ఉప్పు లెక్కలో సుమారు 1.6 గ్రాములు. రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మూడు పొట్లాలతో రోజు కోటా దాదాపు చెల్లిపోయినట్టే, ఇక పచ్చడి వాసన చూసి ఊరుకోవాలి. ఇంకో ముచ్చట: పొట్ట పగిలేంత తిని ఉన్నప్పుడు సోడా తాగొద్దని అమెరికాలో సోడా మందుల మీద అచ్చు వేస్తారు. గ్యాస్ ఒక్కసారిగా ఉబ్బితే, అరుదుగానైనా, కడుపు నిజంగానే చిరిగిన సందర్భాలున్నాయి. మనం తాగేది సరిగ్గా అప్పుడే.

చతుర్థాధ్యాయం: జెల్ ప్రకరణం

సూత్రం: ఒకటి పట్టును, ఒకటి విడుచును.

భాష్యం: మెడికల్ షాపులో గులాబీ రంగు సీసాలో దొరికే పుదీనా వాసన జెల్‌లో సాధారణంగా రెండు లోహాల క్షారాలు ఉంటాయి, అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్. మొదటిది మలబద్ధకం చేస్తుంది, రెండోది విరేచనం చేస్తుంది. ఇద్దరు సవతులను ఒకే ఇంట్లో ఉంచితే సమతూకం వస్తుందని తయారీదారుల ఆశ. ఎవరిది పైచెయ్యి అవుతుందో మర్నాడు పొద్దున తెలుస్తుంది. వీళ్లతో పాటు సిమెథికోన్ అనే మూడో మనిషి ఉంటాడు. కడుపులోని చిన్న బుడగలను పెద్ద బుడగలుగా కలిపి బయటికి పంపడం ఆయన పని, ఆమ్లం జోలికి పోడు. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లలో ఈ లోహాలు బయటికి పోక పేరుకుంటాయి, అందుకే వాళ్లకు ఈ సీసా నిషిద్ధం.

విధి: సీసా బాగా కుదపాలి. కుదపకపోతే మొదటి పది రోజులు పుదీనా నీళ్లు, ఆఖరి రోజు సుద్ద. మాత్రయితే నమిలి మింగాలి. తిన్న గంటకు, అవసరమైతే పడుకునే ముందు. ఖాళీ కడుపున వేస్తే అరగంటో గంటో ఉండి కిందికి జారిపోతుంది. తిన్నాక వేస్తే తిండితో పాటు కడుపులో ఆగి మూడు గంటల దాకా పనిచేస్తుంది.

సూత్రం: రెండు మందులు ఒక గుక్కలో పోరాదు.

భాష్యం: దీనికి దృష్టాంతం మా ఇల్లు. మా ఆవిడకు థైరాయిడ్. పొద్దున ఆరింటికి లేవగానే చిన్న మాత్ర వేసుకుంటుంది. లేవగానే కడుపులో మంట కూడా ఉంటోందని, ఆ మాత్ర వెంటనే రెండు చెంచాల జెల్ తాగేది. నాలుగు నెలలు ఇదే వరస. రక్తపరీక్షలో అంకె దిగదు. మాత్ర బలం ఒకసారి పెంచారు, ఇంకోసారి పెంచారు. దిగదు. మూడోసారి డాక్టరమ్మ మందు సంగతి పక్కనపెట్టి, ‘పొద్దున లేచినప్పటి నుంచి టిఫిన్ దాకా ఏం చేస్తరో చెప్పమ్మా’ అంది. మా ఆవిడ చెప్పుకుంటూ పోయి సీసా దగ్గరికి రాగానే డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. జెల్‌లోని లోహాలు థైరాయిడ్ మాత్రను పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయట. రెండింటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలకు, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కు కూడా ఇదే తగాదా.

‘నన్నొక్కసారి అడగొచ్చు కదా’ అన్నాను ఆటోలో.

‘మీరు శాస్త్రం రాసుకుంటున్నరు కదా అని ఊకున్న’ అంది.

పంచమాధ్యాయం: ప్రజోల్ ప్రకరణం

సూత్రం: తిండికి ముందు ప్రజోలు, తిండి తర్వాత జెల్లు.

భాష్యం: ఈ సూత్రం నాది కాదు, మా గల్లీ మెడికల్ షాపు భాయ్‌ది. ఒక రాత్రి పోయి ‘భాయ్, పెద్ద గ్యాస్ గోలీ ఒకటియ్యి’ అన్నాను.

‘తిన్నరా సాబ్, తినబోతున్నరా?’

‘తిన్న. సీనా మండుతోంది.’

‘మరి పెండ్లి అయినంక పత్రిక ఎందుకు సాబ్? జెల్ తాగుండ్రి.’

ఇంత పొట్టి వాక్యంలో ఇంత రసాయనశాస్త్రాన్ని ఎవరూ ఇమడ్చలేదు. జెల్ ఉన్న ఆమ్లాన్ని చంపుతుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఆమ్లాన్ని తోడే పంపులను ఆపుతాయి. పంపులు నడవడం మొదలయ్యే వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి కాబట్టి తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. పూర్తి గుణం కనబడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు మంట ఆర్పే ఫైరింజన్ కాదది. మాత్ర నలపకూడదు, నమలకూడదు. దాని మీది పూత కడుపు ఆమ్లాన్ని దాటించడానికే వేసింది.

ఈ పంపుల మందుతో మన నగరానికి చుట్టరికం ఉంది. 1984లో అంజిరెడ్డి గారు హైదరాబాద్‌లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ ఒమెప్రజోల్‌ను ఒమెజ్ పేరుతో ఇంటింటికీ చేర్చింది. మూసీకి ఇటు భట్టీలు, అటు మందుల ఫ్యాక్టరీలు. ఒకే ఊరు ఒక ఒడ్డున మంట వండుతుంది, ఇంకో ఒడ్డున మంటకు మాత్ర చేస్తుంది. ఇంత స్వయం సమృద్ధి ఏ మహానగరానికీ లేదు.

వీటికంటే ముందు తరం మందులూ ఉన్నాయి. ఆ తరానికి ఆది పురుషుడైన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఆ కుటుంబంలోని రానిటిడిన్‌ను మన తండ్రులు పప్పు బెల్లాల్లా మింగారు. 2019లో దానిలో ఎన్‌డీఎంఏ అనే కేన్సర్ అనుమానిత మలినం బయటపడింది, 2020లో అమెరికా దాన్ని బజారు నుంచి తీసేయించింది, 2022లో మన అత్యవసర మందుల జాబితాలోంచీ పోయింది. అమ్మమ్మ డబ్బాలో పాత పత్తాలు దొరికితే వాటికి సెలవు చెప్పాలి.

పాంటోప్రజోల్ పత్తా మీద ఆర్ఎక్స్ అని ఉంటుంది. డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందని దాని అర్థం. చీటీ అడగడం పాతబస్తీలో మర్యాద కాదనుకుంటారు. పత్తా పేరు చివర ‘డి’ అక్షరం ఉంటే లోపల డోంపెరిడోన్ కూడా ఉన్నట్టు. అది కొందరిలో గుండె లయను తప్పిస్తుంది, అందుకే దాన్ని తక్కువ మోతాదులో, కొద్ది రోజులే వాడాలి. ఒక అక్షరానికి ఇంత బరువుంటుందని మన వ్యాకరణంలో కూడా లేదు.

సూత్రం: పద్నాలుగు దాటితే పగిడీ.

భాష్యం: పత్తర్‌గట్టీలో దుకాణం పగిడీకి తీసుకున్నవాడిని ఖాళీ చేయించడం ఎంత కష్టమో ఇక్కడ అందరికీ తెలుసు. మాత్రకూ అంతే. సొంతంగా వాడేవాడికి పద్నాలుగు రోజులు హద్దు. అప్పటికీ మంట ఉంటే అది డాక్టరు చూడాల్సిన మంట. చూపించకుండా నెలల తరబడి పంపులను కట్టేస్తే, మానేశాక అవి పంతం పట్టి మునుపటికంటే ఎక్కువ తోడతాయి. ‘చూశారా, మానగానే మళ్లీ వచ్చింది’ అని మనం ఇంకో పత్తా కొంటాం. కిరాయిదారు పాతుకుపోయాడు. ఏళ్ల తరబడి ఉంటే బీ12, మెగ్నీషియం తగ్గడం, ఎముకలు పెళుసవడం, పేగుల్లో ఇన్ఫెక్షన్లు లాంటి నష్టాల మాటా వైద్యులు చెబుతారు. అయితే పుండు రక్తం కక్కి ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు, గుండెకని రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లకు డాక్టరు కారణం చూసే దీన్ని రాస్తాడు. వాళ్లు ఈ వ్యాసం చదివి మానేస్తే పాపం నాకు చుట్టుకుంటుంది.

షష్ఠాధ్యాయం: శాస్త్రం మూసేయవలసిన వేళ

సూత్రం: చెమట పడితే పుస్తకం మూయి.

భాష్యం: పొగ కనబడితే నిప్పుందని చెప్పడం అనుమాన ప్రమాణం. మంచు తెరను పొగ అనుకోవడం హేత్వాభాసం. ఛాతీలో నొప్పి, కాబట్టి గ్యాస్: ఇది మా గల్లీల్లో ప్రాణాలు తీస్తున్న హేత్వాభాసం.

ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాల ఆదివారం. మధ్యాహ్నం అమ్మవారికి బోనం ఎత్తి వచ్చాక ఇంటింటా మటన్. మా గల్లీ చివరింటి పెద్దాయన భోజనం చేసి అరుగు మీద కూర్చుని, ఛాతీ మీద అరచెయ్యి వేసుకుని ‘పట్టేసినట్టుంది బిడ్డా’ అన్నాడు. ఎవరో పొట్లం కలిపిచ్చారు. తాగాడు. పెద్ద తేన్పు వచ్చింది. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. పది నిమిషాలకు ఆయన బనియను వీపున తడిసి అంటుకుపోయింది. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. డప్పు చప్పుళ్ల మధ్య ఆయన కోడలు ఒక్కతే ‘ఇది గ్యాస్ గాదు’ అని అరిచి 108కి ఫోన్ కొట్టింది. బతికాడు. గుండెలో స్టెంట్ ఉంది. నవ్విన మాకు ఇప్పటికీ ఆయన అరుగు దాటుతుంటే తల వంగుతుంది.

అందుకే ఈ అధ్యాయంలో వ్యంగ్యం లేదు. నొక్కేసినట్టు ఛాతీ నొప్పి, చెయ్యికో దవడకో పాకడం, చెమట, ఆయాసం: వీటిలో ఏది కనబడినా పొట్లం కోసం వెతకొద్దు. 2005 ఆగస్టు 15న మన ఊళ్లోనే మొదలైన 108 నంబరు ఉన్నది ఇందుకే. షుగరున్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి అజీర్తి వేషంలోనే వస్తుంది. మింగుడు పడకపోవడం, తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మంట: ఇవి పద్నాలుగు రోజులు ఆగేవి కావు.

ప్రాయశ్చిత్త కాండ

మందులేని ప్రాయశ్చిత్తాలు నాలుగున్నాయి. తిన్నాక మూడు గంటలు నడుం వాల్చకూడదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అర అడుగు ఎత్తాలి, దిళ్లు పేరిస్తే పొట్ట మడతపడి ఇంకా నొక్కుతుంది. పడుకుంటే ఎడమ పక్కకు. నాలుగోది ప్లేటు చిన్నది చేయడం, అది ఇంతవరకు పాతబస్తీలో ఎవరూ చేసి చూపలేదు. సహరీ ముగించి మళ్లీ పక్క ఎక్కే నా మిత్రులకు ఈ మూడు గంటల నియమం చెబితే, ‘మరి నిహారీ ఎప్పుడు తినాలె?’ అని అడిగారు. శాస్త్రకారుడికి సమాధానం లేని ప్రశ్న ప్రతి గ్రంథంలో ఒకటుండాలి.

ఉపసంహారం

గ్రంథం పూర్తిచేసిన రాత్రి సంతోషంతో మళ్లీ శాలిబండ పోయాను. పదకొండున్నరకు భాయ్ షాపు ముందున్నాను. అన్నీ తెలిసినవాడిని కాబట్టి పాంటోప్రజోల్ అడగలేదు, సోడా అడగలేదు. ‘నమిలే జెల్ మాత్రలు, ఒక పత్తా’ అన్నాను, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లవాడిలా.

భాయ్ పత్తా తీశాడు. కౌంటర్ మీద పెట్టి, దాని మీది నుంచి వేలు తీయలేదు.

‘ఎన్ని దినాలైతుంది సాబ్?’

లోపల లెక్కపెట్టాను. రంజాన్ మొదటి వారంలో ఒక పత్తా. తర్వాత ఒకటి. మొన్న జుమ్మా నాడు ఒకటి. ఇరవై మూడు రోజులు. ఆరు అధ్యాయాలు రాశాను, ఎనిమిది సూత్రాలు కట్టాను, పద్నాలుగు దాటితే పగిడీ అని జనానికి చెప్పాను. నా దినాలు నేను లెక్కపెట్టుకోలేదు. మాత్ర ప్రతి రాత్రీ మంట నోరు మూసింది, నేను దాన్ని తీర్పు అనుకున్నాను. సాక్షి నోరు మూసినంత మాత్రాన కేసు కొట్టేసినట్టు కాదు.

‘డాక్టర్‌కు చూపించుండ్రి,’ అని పత్తా మళ్లీ అరలో పెట్టేశాడు.

ఇది శ్రీమత్ శాలిబండ హలీమ్ రసాస్వాద లోలుపుడును, లాల్ దర్వాజా వాస్తవ్యుడును, సతీమణి చేత బహుధా సవరింపబడినవాడును, మంగళవారం పొద్దున తొమ్మిదింటికి టోకెన్ నంబరు పదిహేడు పట్టుకుని, ఏమీ తినకుండా బెంచీ మీద కూర్చున్నవాడును అగు గ్రంథకర్తచే రచింపబడిన తేన్పు శాస్త్రంబున సర్వంబును షష్ఠాధ్యాయము. సప్తమాధ్యాయము డాక్టరు గారు రాయవలసి ఉన్నది.